చలిలో పట్టు

డిసెంబరు నెలాఖరులో ఒక తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటెక్కాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఒంటిమీద పొడుగు చేతుల చొక్కా, దానిమీద పలచని స్వెట్టరు, తలకు మఫ్లరు. చేతులకు ఏమీ లేవు. గ్లౌజులంటే ట్రాఫిక్ పోలీసులకీ సినిమా హీరోలకీ అనుకునే వయసు. పైకి చేరి టీకొట్టు ముందు బండి ఆపబోతే క్లచ్ మీది వేళ్ళు నా మాట వినలేదు. నొక్కాలని తెలుసు, నొక్కాననే అనుకున్నాను. బండి మాత్రం గేరులోనే ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. టీ గ్లాసును వేళ్ళతో పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాను. కొట్టాయన నవ్వి, "ఈ ఊరికి ఇంకో పేరుంది బాబూ, కొర్రబయలు" అన్నాడు. "బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని."

ఆ పొద్దున చలి ఏడెనిమిది డిగ్రీలు ఉండి ఉంటుంది. సున్నా కూడా కాదు. అంతకన్నా ఎంతో చలిలో, నేలంతా తెల్లగా మంచు పరుచుకున్న దేశాల్లో, బండి మీదే ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాళ్ళున్నారు. మా బంధువులూ స్నేహితులూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో దిగగానే మొదట కారు కొనుక్కున్నారు గనక వాళ్ళనడిగి లాభం లేదు. మంచులో రెండు చక్రాల మీద తిరిగే మనుషుల గురించి చదివేకొద్దీ నాకు ఒక్క మాట పదేపదే తగిలింది: పట్టు. బ్రేకు మీద చేతికి ఉండే పట్టు ఒకటి, రోడ్డు మీద టైరుకు ఉండే పట్టు ఒకటి. చలి రెండింటినీ వదులు చేస్తుంది. మొదటిది పోవడానికి లంబసింగి చాలు. రెండోది పూర్తిగా పోవాలంటే ఇంకాస్త ఉత్తరానికి వెళ్ళాలి.

ఎగిరిపోయే దుప్పటి

గాలి కదలని చోట మన ఒంటిని అంటుకుని ఒక పలచని వెచ్చని గాలిపొర ఉంటుంది. ఒళ్ళే దాన్ని వేడిచేసి చుట్టూ ఉంచుకుంటుంది, కంటికి కనబడని దుప్పటిలాగా. గాలి వీచిందా, దుప్పటి ఎగిరిపోతుంది. ఒళ్ళు మళ్ళీ కొత్త పొరను వేడిచేసుకోవాలి, అదీ ఎగిరిపోతుంది. వేడి అన్నం మీద విసనకర్ర విసిరితే జరిగేది ఇదే. బండి మీద ఉన్నవాడికి గాలి వీయనక్కరలేదు, తనే గాలిలోకి దూసుకుపోతుంటాడు.

ఈ నష్టాన్ని మొదట కొలిచింది పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు. సైపుల్‌ది సరదా కథ. 1928లో అడ్మిరల్ బర్డ్ అంటార్కిటికా యాత్రకు బయల్దేరినప్పుడు అమెరికా బాయ్ స్కౌట్లందరిలోంచీ ఏరి తీసుకెళ్ళిన కుర్రాడు అతను. మంచు వదల్లేక మళ్ళీ మళ్ళీ అక్కడికే వెళ్ళాడు. 1940 దశకం మొదట్లో వీళ్ళిద్దరూ ఒక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి, అంటార్కిటికా శిబిరంలో ఇంటికప్పు మీద గాలికి పెట్టి, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసుకుంటూ రాసుకున్నారు. ఫలితాలు 1945లో అచ్చయ్యాయి. వాళ్ళ లెక్క చలిని కొంచెం ఎక్కువ చేసి చూపిస్తోందని తర్వాతివాళ్ళు పట్టుకున్నారు. మనిషి నీళ్ళ గొట్టం కాదు కదా! 2001లో అమెరికా, కెనడా కలిసి సూత్రాన్ని మార్చాయి. ఈసారి మనుషులనే చల్లని గాలి సొరంగంలో నడిపించి, ముఖం మీద ఉష్ణోగ్రత కొలిచారు.

ఆ కొత్త సూత్రంలో అంకెలు వేసి చూశాను. గాలి సున్నా డిగ్రీల దగ్గర ఉందనుకోండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ముఖానికి అది మైనస్ 5లా తగులుతుంది. 60తో వెళ్తే మైనస్ 9. 100తో వెళ్తే మైనస్ 11. నా లంబసింగి ప్రయాణం, 8 డిగ్రీల్లో 60 వేగం, దాదాపు 2 డిగ్రీలని తేలింది. కొట్టాయన అన్న కొర్రు అక్కడికి మరీ దూరమేం కాదు.

ఈ అంకెల్లో ఒక తమాషా ఉంది. చలిగా ఉంది, మెల్లగా పోదాం అనుకుంటాం. కానీ 100 నుంచి 60కి తగ్గితే దక్కేది రెండు డిగ్రీలే. దుప్పటి ఎగిరిపోవడానికి మొదటి కాస్త గాలే చాలు, ఆ తర్వాత ఎంత గట్టిగా వీచినా ఎగరడానికి పెద్దగా ఏమీ మిగలదు. పైగా మెల్లగా వెళ్తే చలిలో ఉండే సమయం పెరుగుతుంది. మెల్లగా వెళ్ళడానికి వేరే మంచి కారణాలున్నాయి, వస్తున్నా.

చర్మం గడ్డకట్టే ప్రమాదం మాత్రం సరదా విషయం కాదు. ఈ లెక్కలో మైనస్ 28 దాటితే, కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. మైనస్ 12 డిగ్రీల పొద్దున జాతీయ రహదారి మీద 100 వేగంతో వెళ్ళేవాడు సరిగ్గా ఆ గీత మీద ఉంటాడు. ముక్కు కొస, చెవి తమ్మె, గ్లౌజుకీ కోటుకీ మధ్య వేలెడు మేర బయటపడిన మణికట్టు. గండి పడేది అక్కడే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్క వేడి పుట్టించే ఒంటికే వర్తిస్తుంది, బండికి కాదు. గాలి పెట్రోలు ట్యాంకునీ ఇంజనునీ తొందరగా చల్లబరుస్తుంది గానీ, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లగా చేయలేదు.

ఎగిరిపోయే దుప్పటిని ఆపడానికి ఖరీదైన కోటే కావాలని లేదు. చొక్కా లోపల ఛాతీ మీద న్యూస్‌పేపరు పరుచుకుని రాత్రి ప్రయాణాలు చేసిన మేనమామలు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. కాగితం గాలిని లోపలికి రానివ్వదు, మడతల మధ్య కాస్త గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. వేలరూపాయల జాకెట్టు చేసేదీ ఆ పనే.

వేళ్ళు ఎందుకు మాట వినవు

చలేసినప్పుడు శరీరం పిసినారి యజమానిలా లెక్కలు చూసుకుంటుంది. గుండె, కాలేయం, మెదడు వెచ్చగా ఉండాలి, వేళ్ళ సంగతి తర్వాత. వేళ్ళ చివర్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం వెనక్కి మళ్ళుతుంది. వేలు సన్నని కడ్డీ లాంటిది, దాని బరువుతో పోలిస్తే పైచర్మం చాలా ఎక్కువ. వేడి సరఫరా ఆగిందంటే నిమిషాల్లో చల్లబడుతుంది. చర్మం 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగితే స్పర్శ మొద్దుబారుతుంది, వేళ్ళతో చేసే నాజూకు పని తప్పుతుంది. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: కొంకర్లు పోవడం.

వేళ్ళను ముడిచే ప్రధానమైన కండరాలు వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. తోలుబొమ్మను తాళ్ళతో ఆడించినట్టు అవి స్నాయువులతో వేళ్ళను లాగుతాయి. అందుకే వేళ్ళు మొద్దుబారినా బ్రేకును బిగించగలం. పోయేది బలం కాదు, ఎంత బిగించామో తెలిసే సమాచారం. మంచు మీద ఆ సమాచారమే ప్రాణం. ముందు బ్రేకు కాస్త ఎక్కువైతే ఏమవుతుందో ముందుముందు చూద్దాం. ముంజేయి కూడా చల్లబడితే అప్పుడు బలమూ తగ్గుతుంది. నా క్లచ్ విషయంలో జరిగింది రెండూ కలిసి అయ్యుంటుంది.

శరీరం పూర్తిగా దయలేనిదేం కాదు. లండన్ వైద్యుడు థామస్ లూయిస్ 1930లో ఒక విచిత్రాన్ని రాశాడు. వేలిని మంచునీళ్ళలో ముంచితే మొదట చల్లబడుతుంది. అయిదు పది నిమిషాలయ్యాక మూసుకున్న నాళాలు ఒక్కసారి తెరుచుకుని వేడిరక్తం పరుగెత్తుతుంది. కాసేపటికి మళ్ళీ మూసుకుంటాయి, మళ్ళీ తెరుచుకుంటాయి. వేలు చచ్చిపోకుండా శరీరం అప్పుడప్పుడూ పంపే మనియార్డరు అది. అయితే ఛాతీ, పొట్ట కూడా చలితో వణుకుతుంటే ఆ మనియార్డరు తగ్గిపోతుంది, ఆలస్యమవుతుంది.

చలిదేశపు రైడర్లు అనుభవం మీద నేర్చుకున్న పాఠం కూడా అదే. చేతులు వెచ్చగా ఉండాలంటే ముందు పొట్ట వెచ్చగా ఉండాలి. బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని వేడెక్కే బనీన్లు వేసుకుంటారు. ఒళ్ళంతా వెచ్చగా ఉందని శరీరానికి నమ్మకం కలిగితే వేళ్ళకు రక్తం తనంతట తనే వదులుతుంది. హ్యాండిల్ పిడుల్లో వేడి పుట్టించే తీగలూ పెడతారు గానీ అవి అరచేతిని కాస్తాయి, గాలి కొట్టేదేమో చేతి వెనకభాగాన్ని. అందుకే హ్యాండిల్‌కి రెండు పక్కలా పెద్ద సంచుల్లాంటి తొడుగులు బిగించి, చేతులు వాటిలో దూర్చి నడిపేవాళ్ళే ఎక్కువ తెలివైనవాళ్ళని నా అభిప్రాయం. సియోల్ వీధుల్లో భోజనాలు చేరవేసే కుర్రాళ్ళ బండ్లకు చలికాలమంతా ఇవే వేలాడతాయి. మిలాన్‌లో స్కూటరు మీద ఆఫీసుకెళ్ళేవాళ్ళు నడుం నుంచి కాళ్ళదాకా కప్పే దళసరి దుప్పటిని బండికే కట్టుకుంటారు. చూడ్డానికి బొంత కప్పుకుని బండి తోలుతున్నట్టుంటుంది. ఎవరూ నవ్వరు.

ముఖానికి మరో చిక్కు. ఊపిరిలో ఆవిరి నిండా ఉంటుంది, హెల్మెట్ అద్దం చల్లగా ఉంటుంది. ఊపిరి తగలగానే అద్దం మసకబారుతుంది, తెరిస్తే కళ్ళల్లో సూదులు. సబ్బు పలచగా రాసి తుడిస్తే ఆవిరి చుక్కలుగా కాక పలచని పొరగా పరుచుకుంటుంది, కాసేపు పని జరుగుతుంది. నికరమైన మార్గం పిన్‌లాక్ అనే డచ్చి కంపెనీ తెచ్చింది. అద్దం లోపలివైపు ఇంకో పలచని అద్దం, రెండింటి మధ్య బంధించిన గాలి. లోపలి అద్దం చల్లబడదు గనక మసక పట్టదు. చలిదేశాల ఇళ్ళ కిటికీలకు రెండేసి అద్దాలుండేదీ ఇందుకే.

రబ్బరు బిగుసుకుంటుంది

ఇక రెండో పట్టు. బండి టైరు రోడ్డును తాకే చోటు అరచేతిలో సగముంటుంది. అలాంటివి రెండు. మొత్తం నమ్మకమంతా ఆ రెండు అతుకుల మీదే.

తారురోడ్డు కంటికి నున్నగా కనబడినా నిండా గరుకే. రబ్బరు ఆ గుంటల్లోకి మెత్తగా దిగి, మిట్టలను చుట్టి పట్టుకుంటుంది. ఆ మెత్తదనం ఎక్కడిది? రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులు వేడికి ఎప్పుడూ మెలికలు తిరుగుతూ ఉంటాయి. చలి పెరిగేకొద్దీ ఆ కదలిక మందగిస్తుంది. ఇంకా ఇంకా చల్లబరిస్తే ఒక దశలో గొలుసులు ఎక్కడివక్కడ స్తంభించి రబ్బరు గాజులా మారుతుంది. టైర్ల రబ్బరు విషయంలో ఆ దశ సున్నాకి ఎంతో కింద ఉంటుంది, కానీ బిగుసుకోవడం చాలా ముందే మొదలవుతుంది. కొబ్బరినూనె ఒక గీత దగ్గర గడ్డకట్టినట్టు కాదు, మెల్లమెల్లగా మొండికేస్తుంది. 7 డిగ్రీల కింద వేసవి టైర్లు వాడొద్దని టైర్ల వ్యాపారులు చెబుతారు. అది ప్రకృతి గీసిన గీత కాదు, జనం గుర్తుంచుకోవడానికి పెట్టుకున్న గుర్తు. అయినా పనికొచ్చే గుర్తే.

గాలి సంగతీ మరవకూడదు. 30 డిగ్రీల ఎండలో 32 పాయింట్లు కొట్టించిన టైరులో, సున్నా డిగ్రీలకు వచ్చేసరికి 27 చిల్లరే ఉంటుంది. ట్యూబులోంచి ఏమీ కారలేదు, గాలే ముడుచుకుంది.

మంచు అనే ఒక్క మాట

తెలుగులో మంచు అంటే పొద్దున్నే గడ్డి మీద మెరిసే చుక్కలు. మంచు అంటే బస్సులను ఆలస్యం చేసే పొగ. మంచు అంటే ఆకాశం నుంచి రాలే తెల్లని దూది. సోడాబండి మీద గోనెసంచిలో ఉండే గడ్డ కూడా మంచే. మనకు ఒక్క మాట సరిపోయింది, ఎందుకంటే వీటి తేడా మీద మన ప్రాణాలు ఎప్పుడూ ఆధారపడలేదు. మంచుదేశంలో బండి తోలేవాడికి ఆ వైభోగం లేదు. అప్పుడే రాలిన పొడిమంచు మీద గాడి తీసిన టైరు ఇసుకలో వెళ్ళినట్టు కాస్తో కూస్తో పట్టుకుంటుంది. వాహనాలు తొక్కి తొక్కి మెరుగుపెట్టిన మంచు వేరు. అన్నిటికన్నా దుర్మార్గమైనది తారు మీద గాజుపొరలా పేరుకునే గడ్డ. అది పారదర్శకం, కింది తారే కనిపిస్తుంది, రోడ్డు తడిసినట్టుంది అనుకుంటాం అంతే. ఆంగ్లేయులు దీన్ని నల్లమంచు అంటారు. వంతెనల మీద ముందుగా కడుతుంది, ఎందుకంటే వంతెనకు కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా గాలే. చెట్ల నీడలో ఎండ తగలని మలుపుల దగ్గర ఆలస్యంగా కరుగుతుంది. గాలి 3 డిగ్రీలున్న రాత్రి కూడా, నిర్మలమైన ఆకాశంలోకి వేడిని వెళ్ళగక్కి రోడ్డు సున్నాకి దిగవచ్చు. అందుకే కొన్ని కొత్త బండ్లు 3 డిగ్రీల దగ్గరే డాష్‌బోర్డు మీద మంచుపువ్వు బొమ్మ వెలిగిస్తాయి.

ఇంతకీ మంచుగడ్డ ఎందుకు జారుతుంది? చిన్నప్పటి పాఠంలో, ఒత్తిడికి మంచు కరిగి నీటిపొర ఏర్పడుతుందని చదివాం. ఒత్తిడి పెరిగితే మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందని 1849లో జేమ్స్ థామ్సన్ చెప్పిన మాట నిజమే. కానీ ఎంత తగ్గుతుంది? వాతావరణ పీడనమంత ఒత్తిడికి డిగ్రీలో వందో వంతు కూడా కాదు. బండి టైరు ఒత్తిడికి వచ్చే తేడా డిగ్రీలో రెండు వందో వంతులు. మైనస్ 5 డిగ్రీల మంచును అది ఏం కరిగిస్తుంది? పాఠం తప్పు కాదు, ఇక్కడికి చాలదంతే. 1850 ప్రాంతంలోనే మైకేల్ ఫారడే ఇంకో ఊహ చేశాడు. మంచు ఉపరితలం మీద, ఎవరూ నొక్కకుండానే, ఎప్పుడూ ఒక పలచని తడిపొర ఉంటుందని. 1939లో బౌడెన్, హ్యూస్ అనేవాళ్ళు రాపిడి వేడికే మంచు కరుగుతుందని చూపించారు. ఇవాళ్టి అవగాహనలో ఫారడేకీ, రాపిడికీ రెండింటికీ చోటుంది. మంచు లోపలి అణువులను చుట్టూ ఉన్నవి గట్టిగా పట్టుకుంటాయి. పైపొర అణువులకు ఒకవైపు తోడు లేదు, వదులుగా దొర్లుతుంటాయి. 2018లో ఆమ్‌స్టర్‌డామ్, మైంజ్ శాస్త్రవేత్తలు ఉక్కుతో రాసి చూస్తే మంచు అన్నిటికన్నా ఎక్కువగా జారేది మైనస్ 7 దగ్గరని తేలింది. స్కేటింగ్ రింకుల మంచును కూడా దాదాపు అక్కడే ఉంచుతారు. మైనస్ 30 ప్రాంతంలో ఆ దొర్లే అణువులు నిదానిస్తాయి, మంచు గరుకెక్కుతుంది.

రబ్బరు ఉక్కు కాదు. టైరుకు అంతకన్నా చెడ్డ కాలం సున్నా దగ్గర, మంచు మీద నీళ్ళు నిలిచినప్పుడు. అంటే భయపడాల్సింది సైబీరియా నడిచలికాలం గురించి కాదు, కరగాలా వద్దా అని ఊగిసలాడే తడి ఉదయాల గురించి.

పట్టు ఎంత పోతుందో కొలతల్లో చూద్దాం. 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశారు. పొడి తారు మీద 8 మీటర్లలో ఆగుతారు. తొక్కిన మంచు మీద 20 మీటర్ల పైన. గాజుమంచు మీద 60 మీటర్ల పైన, అదీ చక్రం బిగుసుకోకుండా అంత నేర్పుగా బ్రేకు వేస్తే. ఆరు ఆర్టీసీ బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం. దానికి ముందు, ప్రమాదం చూసి వేళ్ళు కదిలే ఒక్క సెకనులో 11 మీటర్లు పోయాయి. కొంకర్లు పోయిన వేళ్ళయితే ఇంకా.

కారు కూడా అంతే దూరం జారుతుంది కదా అనవచ్చు. కారు జారితే జారుతుంది, పడదు. బండి పడుతుంది. అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట గుర్తుందా? కర్ర ఎడమకు వాలితే చెయ్యి ఎడమకు జరపాలి. బండి నిలబడేదీ ఇలాగే. ఎడమకు వాలితే హ్యాండిల్ తెలియకుండానే కాస్త ఎడమకు తిరుగుతుంది, చక్రాలు బరువు కిందికి వచ్చి చేరతాయి. దీన్ని మనం బ్యాలెన్సు అంటాం, అదేదో ఒంట్లో ఉన్న విద్య అనుకుంటాం. నిజానికి అది రోడ్డు దగ్గర చేసిన అప్పు. చక్రం పక్కకు రావాలంటే టైరు రోడ్డును పక్కకు తొయ్యాలి, తోయడానికి పట్టుండాలి. మంచు మీద ముందు బ్రేకు కాస్త ఎక్కువై ముందు చక్రం జారిందంటే కర్ర కింద చెయ్యే లేదు.

మలుపులో ఇది ఇంకా కఠినం. పొడిరోడ్డు మీద బండిని 39 డిగ్రీలదాకా వాల్చవచ్చు. గాజుమంచు మీద 6 డిగ్రీలకన్నా తక్కువే, చూసేవాళ్ళకు నిటారుగా ఉన్నట్టే ఉంటుంది. 30 మీటర్ల వ్యాసార్ధమున్న మామూలు మలుపులో వేగం 20 దాటకూడదు. మెల్లగా వెళ్ళడానికి మంచి కారణాలున్నాయన్నాను కదా, ఇదే అది. ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకోకుండా కాపాడుతుంది, కానీ లేని పట్టును అది పుట్టించలేదు.

మూడో చక్రం, మేకులు, నంబరు ప్లేటు

మనుషులు దీనికి మూడు రకాల జవాబులు చెప్పారు.

మొదటిది మూడో చక్రం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో కారు కొనలేని కుటుంబాలకు సైడ్‌కారున్న మోటారుసైకిలే కారు. వానకీ మంచుకీ అదే. సుండాప్ కేఎస్ 601 అనే బండికి పచ్చ ఏనుగు అని ముద్దుపేరు. ఎర్న్స్ట్ లెవర్కుస్ అనే పత్రికా రచయిత 1956లో ఆ బండ్లవాళ్ళను స్టుట్‌గార్ట్ దగ్గర నడిచలికాలంలో సమావేశపరిచాడు. ఏనుగుల సభ అని పేరు పడింది. తర్వాత నూర్‌బుర్గ్‌రింగ్‌కి మారింది, 1989 నుంచి బవేరియా అడవిలోని సోల్లా దగ్గర జరుగుతోంది. మంచులో గుడారాలేసుకుని, మంటలేసుకుని కూర్చుంటారు. రష్యాలోని ఇర్బిత్ పట్టణంలో దశాబ్దాల పాటు తయారైన ఉరల్ బండ్లలో కొన్నిటికి సైడ్‌కారు చక్రాన్ని కూడా ఇంజనే తిప్పుతుంది. మూడో చక్రం పట్టును పెంచదు. పడిపోవడాన్ని జారిపోవడంగా మారుస్తుంది, అంతే. ఆ అంతే చాలా పెద్దది.

రెండో జవాబు మేకులు. మంచు మీద జరిగే స్పీడ్‌వే పందేల్లో టైర్లకు మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవున్న మేకులుంటాయి, బండ్లకు బ్రేకులుండవు. హ్యాండిల్ మంచును తాకేంతగా వాల్చి తిరుగుతారు. మేకు మంచు మీద జారదు, మంచులోకి దిగుతుంది. మామూలు రోజువారీ పనిలో మేకులు చూడాలంటే జపాన్ ఉత్తర ద్వీపం హొక్కైడో వెళ్ళాలి. అక్కడ ఉత్తరాలు పంచే తపాలావాళ్ళు ఎర్రని చిన్న హోండా కబ్ బండ్ల మీద మంచులో తిరుగుతారు. మన ఊళ్ళలో కొన్నాళ్ళు కనబడిన హీరో హోండా స్ట్రీట్ ఆ కబ్ కుటుంబంలోదే. తపాలా కోసం హోండా ప్రత్యేకంగా 1971 నుంచి వేరే నమూనా తయారుచేస్తోంది. మైనస్ 8 డిగ్రీల్లో 30 వేగంతో వెళ్ళే ఆ మనిషి ముఖానికి తగిలేది మైనస్ 17. గేటు గేటుకీ ఆగాలి, దిగాలి, ఎక్కాలి.

మేకులకు వేరే ఖరీదుంది. 1980 ప్రాంతంలో జపాన్‌లోని సెండాయ్ నగరంలో కార్ల మేకుల టైర్లు తారురోడ్డును గీకి గీకి ఊరంతా దుమ్ము లేపాయి, జనం ఊపిరాడక గొడవ చేశారు. 1990లో మేకుల టైర్లను కట్టడి చేస్తూ చట్టం వచ్చింది. చిన్న బండ్లను అందులోంచి మినహాయించారు. కొత్త సంవత్సరం పొద్దు చూడ్డానికి దేశం ఉత్తరపు కొసన ఉన్న సోయా అగ్రానికి మంచులో వెళ్ళే సరదారాయుళ్ళు ఎక్కువగా చిన్న బండ్ల మీదే వెళ్ళడానికి ఇదో కారణం.

మూడో జవాబు ఇంట్లో కూర్చోవడం. జర్మన్లు దాన్ని నంబరు ప్లేటు మీదే రాసుకుంటారు. 1997 నుంచి అక్కడ ఏడాదిలో కొన్ని నెలలకే బండిని రిజిస్టరు చేసుకోవచ్చు. ప్లేటు అంచున 03, 10 అని ఉంటే మార్చి నుంచి అక్టోబరు దాకా మాత్రమే రోడ్డెక్కాలి, పన్నూ బీమా ఆ నెలలకే. మంచున్నప్పుడు వాహనాలకు చలికాలపు టైర్లుండాలన్న చట్టం కూడా అక్కడుంది గానీ, 2017లో మోటారుసైకిళ్ళను అందులోంచి తప్పించారు.

మంచు కరిగాక కూడా బండి కష్టాలు తీరవు. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీళ్ళు సున్నా దగ్గర గడ్డకట్టవు, గాఢంగా కలిస్తే మైనస్ 21 దాకా నీళ్ళుగానే ఉంటాయి. మా అమ్మమ్మ ఆవకాయ జాడీలో ఇనుప గరిటె పెట్టనిచ్చేది కాదు. ఆమె రసాయనశాస్త్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. చైను, బ్రేకు బోల్టులు, సైలెన్సరు ఒక్క చలికాలానికే తుప్పు పడతాయి, అల్యూమినియం మీద తెల్లని బూజు లేస్తుంది. విశాఖ బీచిరోడ్డు పక్కన కాపురమున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. ఇంటికి రాగానే చల్లని నీళ్ళతో కడగాలంటారు అక్కడి పాతకాపులు. వేడినీళ్ళు తుప్పుకి తొందర నేర్పుతాయి.

బ్యాటరీ కూడా రసాయన చర్యే, చలికి అది మందగిస్తుంది. మైనస్ 18 దగ్గర మామూలు సీసపు బ్యాటరీ స్టార్టరుకిచ్చే శక్తి సగానికి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయిలు చిక్కబడి ఇంజను తిరగనంటుంది. ఆయిలు డబ్బా మీది 10డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే బరువని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. అది వింటర్. డబ్ల్యూకి ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిలు అంత పలచగా ఉంటుంది. మన పాత బుల్లెట్లలో పోసే 20డబ్ల్యూ-50 హొక్కైడో తపాలావాడికి పనికిరాదు.

లడఖ్‌కి బండేసుకెళ్ళే మన కుర్రాళ్ళు జూన్, జూలైల్లోనే వెళ్తారు గనక దీనిలో చాలా భాగం వాళ్ళకు అక్కర్లేదనిపించవచ్చు. కానీ కనుమల దగ్గర రాత్రి రోడ్డు మీద పారిన నీళ్ళు తెల్లవారేసరికి గడ్డకట్టి ఉంటాయి. అక్కడ పొద్దెక్కాక బయల్దేరండి. తడి మెరుపు కనబడితే బండి నిటారుగా ఉంచి, బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ ముట్టుకోకుండా దాటండి. ఇక డిసెంబరులో లంబసింగి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదొక్కటే: గ్లౌజులు కొనుక్కోండి. కొనలేకపోతే ఘాటు మధ్యలో ఒకసారి ఆగి, చేతులు చంకల్లో పెట్టుకుని, వేళ్ళు మీ మాట వింటున్నాయో లేదో చూసుకుని అప్పుడు బండెక్కండి.